జింకను ఢీకొన్న బైకును మళ్లీ నడపవచ్చా?

ప్రశ్న:
చీకటి పడే వేళ అడవి దారిలో వస్తుండగా, పొదల్లోంచి ఒక జింక హఠాత్తుగా దూకడంతో నా బైకు దాన్ని ఢీకొంది. నాకు భుజం కమిలింది, హెల్మెట్ నేలకు తగిలింది. హెడ్‌లైటు పగిలింది, విరిగిన మడ్‌గార్డులో జింక వెంట్రుకలు ఇంకా ఇరుక్కునే ఉన్నాయి. ఇంజన్ మామూలుగానే స్టార్టవుతోంది గానీ, బండి తిన్నగా వెళ్తున్నప్పుడు కూడా హ్యాండిల్ కాస్త ఎడమకు తిరిగి ఉంటోంది. పగిలిన భాగాలు మార్పిస్తే సరిపోతుందా?

జవాబు 1:
సరిపోదండీ, దయచేసి మెకానిక్‌కు చూపించేదాకా నడపకండి. ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్కులు, అవి బిగించి ఉండే క్లాంపుల్లో మెలితిరిగి ఉంటే బోల్టులు వదులుచేసి సరిచేయవచ్చు. ఫోర్కు గొట్టాలే వంగితే మాత్రం మార్పించడమే మంచిది. ముందు చక్రాన్ని పైకి లేపి హ్యాండిల్‌ను మెల్లగా అటూ ఇటూ తిప్పి చూడండి. మధ్యలో ఎక్కడైనా పట్టేసినట్టు అనిపిస్తే స్టీరింగ్ బేరింగులు దెబ్బతిన్నట్టే. రిమ్మును, ఫోర్కు సీళ్ల దగ్గర నూనె కారడాన్ని, అన్నిటికంటే ముఖ్యంగా ఛాసిస్ మెడభాగంలో (హ్యాండిల్ ఛాసిస్‌కు కలిసేచోట) పెయింటు చిట్లిందేమో కూడా చూపించండి.

జవాబు 2:
ఆ వెంట్రుకలు తీయకముందే దగ్గరగా ఫొటోలు తీసి, బీమా సంస్థకు తెలియజేసి, వారి పరిశీలన పూర్తయ్యాకే మరమ్మతు మొదలుపెట్టించండి. థర్డ్ పార్టీ బీమా ఒక్కటే ఉంటే సొంత బండికి జరిగిన నష్టం అందులోకి రాదు.

జవాబు 3:
దెబ్బ తిన్న హెల్మెట్ పైకి బాగానే కనిపించినా లోపలి నురుగు అణిగిపోయి ఉండవచ్చు కనుక దాన్ని మార్చండి. భుజాన్ని వైద్యుడికి చూపించండి. జింక గాయంతో పారిపోయి ఉంటే అటవీ సిబ్బందికి ఆ చోటు చెప్పండి, పాపం అది ఎక్కడో పడి ఉండవచ్చు.