బట్టల షోరూంల స్టూలు అడిగితే తప్పా? చట్టం ఏమంటది?

హన్మకొండ పోరడు:
అన్నలూ, జర సలహా చెప్పుండ్రి. మా బావ ఇక్కడ్నే ఒక బట్టల షోరూంల చీరల సెక్షన్‌ల చేస్తడు. చిన్నప్పుడే పోలియో, ఎడమ కాలుకు ఊతగ కట్టుకునే క్యాలిపర్. సదరం సర్టిఫికెట్ల 55 శాతం వైకల్యమని ఉంది. ఇంతకుముందు పరుపుల మీద కూసుండి చీరలు చూపెట్టేటోళ్ళు. ఇప్పుడు షోరూం కొత్తగ చేయించి అద్దాల కౌంటర్లు పెట్టిండ్రు. పొద్దున పదింటికెల్లి రాత్రి తొమ్మిదిన్నర దాక నిలబడుడే. గిరాకీ లేనప్పుడు కూసునేటందుకు ఒక స్టూలు అడిగితే, “కస్టమర్ వచ్చేసరికి కూసోని కనబడితే మర్యాదుండదు” అన్నడట మేనేజర్.

కోర్టు గల్లీ:
2016 వికలాంగుల హక్కుల చట్టం చూడండి. 2017 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. మనిషి అవసరాన్ని బట్టి పనిచోట చేసే సర్దుబాటు, యజమాని మోయలేని భారం కానంతవరకు, ఇవ్వనంటే అదీ వివక్షే అని నిర్వచనంలోనే రాశారు. స్టూలు ఎవరికి మోయలేని భారం?

పాత బజారు సేటు:
వకీలు సాబ్, సెక్షన్ 20 చదువుండ్రి. ఉద్యోగాల ముచ్చట అండ్లనే ఉంది. ప్రభుత్వ సంస్థ అని రాసుంది. ప్రైవేటు దుకాణం అని లేదు.

వడ్డేపల్లి చెరువు:
ఏ షోరూం అన్నా?

హన్మకొండ పోరడు:
పేరొద్దు తమ్మీ. నౌకరి పోతది.

కోర్టు గల్లీ:
సేటు గారూ, సెక్షన్ 20 ప్రభుత్వానికే, ఒప్పుకుంటా. కింద 21 ఉంది. ప్రతి సంస్థా సమాన అవకాశాల విధానం ప్రకటించాలి. సంస్థ అంటే ప్రైవేటు కూడా. సంస్థలో మొత్తం పనివాళ్ళు ఇరవై మందికి తక్కువున్నా, వికలాంగ ఉద్యోగులకు ఏ వసతులిస్తారో అందులో చెప్పాలని 2017 నియమాలు. చట్టాన్ని ఉల్లంఘిస్తే మొదటిసారి 10,000 దాకా జరిమానా, మళ్ళీ చేస్తే 50,000 నుంచి 5 లక్షలు.

పాత బజారు సేటు:
కాగితమే కద, గోడకు అంటిస్తం. స్టూలు ఇయ్యాలని సెక్షన్ 20ల ప్రైవేటోళ్ళకు ఏడుందో చూపెట్టుండ్రి.

బొగ్గుబాయి బిడ్డ:
2025 ఆగస్టుల సుప్రీంకోర్టు ఆర్టీసీ డ్రైవర్ కేసు? రంగులు గుర్తు పడ్తలేడని ఇంటికి పంపితే, వేరే పని ఇయ్యాలని తీర్పొచ్చింది గద.

కోర్టు గల్లీ:
అది 1979 నాటి కార్మిక ఒప్పందం మీద గెలిచిన కేసు. బట్టల షాపుకు అతకదు.

మూడో ఫ్లోర్ అక్క:
నేను గూడ సేల్స్‌లనే ఉన్న. మా కాడ కాలు బాగలేని తమ్మునికి బిల్లింగ్ ఇచ్చిండ్రు, మంచిదే. ఆయన మోసే బండిళ్ళు ఇప్పుడు నేను, ఇంకో పిల్ల మోస్తున్నం. గోదాం మెట్లు మేమే ఎక్కుతున్నం. జీతం పైస పెరగలే. మరి మాకు ఏ సెక్షన్?

హన్మకొండ పోరడు:
అక్కా, మా బావ పని తప్పించుకుంటలేడు. స్టూలు అడిగిండు.

మూడో ఫ్లోర్ అక్క:
అందరు గట్లనే మొదలువెడ్తరు. పొద్దుగూకెసరికి నా పాదాలు ఉబ్బి చెప్పు పట్టీ పడదు. పిక్కల నరాలు తాళ్ళలెక్క తేలినయి. నాకు సదరం ఇయ్యరు. 4,016 పింఛను మీకే, స్టూలు గూడ మీకేనా?

హన్మకొండ పోరడు:
ఆ పింఛను నువ్వే తీస్కో, క్యాలిపర్ గూడ నువ్వే కట్టుకో! ఎండకాలం తోలుపట్టీ కింద చెమటకు తొడ ఒరిసి పుండయితది. రాత్రి ఇప్పేటప్పుడు మా అక్క కొబ్బరినూనె రాస్తది. మాటలు అలుకగ అంటున్నవ్.

బొగ్గుబాయి బిడ్డ:
ఇద్దరు జర సల్లబడుండ్రి.

కోర్టు గల్లీ:
అక్కా, సర్దుబాటు అడగడానికి వైకల్యం 40 శాతం ఉండాల్సిన పనిలేదని 2021 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. అది సివిల్స్ అభ్యర్థికి స్క్రైబ్‌ను, అంటే పరీక్ష రాసిపెట్టే మనిషిని, ఇచ్చే కేసు. మీ కాళ్ళ సంగతి వేరు. కేరళ 2018లో, తమిళనాడు 2021లో దుకాణాల చట్టాలు మార్చి పనివాళ్ళందరికీ కూర్చునే వసతి ఇమ్మన్నాయి. అక్కడ సర్టిఫికెట్ అడగరు.

పాత బజారు సేటు:
గదే నా భయం! స్టూలుకెంతయితది, నాకు తెల్వదా? ఆయనకిస్తె రేపు ఈ అక్క అడుగుతది, ఎల్లుండి పన్నెండు మంది లైన్‌ల ఉంటరు. పెండ్లిళ్ళ సీజన్ల అందరు కూసుంటే చీరలు దించేదెవరు?

మూడో ఫ్లోర్ అక్క:
అంటే మేం అడుగుతమని ఆయనను నిలబెట్టిండ్రా? బండిళ్ళు మా నెత్తిన పెట్టేటప్పుడు ఇంకో మనిషిని పెట్టుకోవాలని యాదికి రాలేదా? ఇన్నొద్దులు ఆ తమ్ముని మీద పండ్లు కొరికిన.

పాత బజారు సేటు:
మనిషి జీతం నువ్విస్తవా? ఆన్‌లైన్‌ల అమ్మేటోనికి షాపు కిరాయి లేదు, కరెంటు బిల్లు లేదు. మా తిప్పలు ఎవలకు చెప్పాలె?

కోర్టు గల్లీ:
పోరడూ, నోటితో గొడవ వద్దు. స్టూలు ఎక్కడ, ఎప్పుడు కావాలో ఒక దరఖాస్తు రాయించు. సదరం జిరాక్స్ పెట్టు. రెండో కాపీ మీద అందినట్టు సంతకం తీసుకో. వినకపోతే రాష్ట్ర వికలాంగుల కమిషనర్‌కు ఫిర్యాదు చేయొచ్చు.

హన్మకొండ పోరడు:
సంతకం పెట్టి, అదే రోజు లెక్క చేసి పంపితే? మా బావ భయం గదే.

కోర్టు గల్లీ:
అప్పుడు ఆ కాపీయే సాక్ష్యం. దరఖాస్తు లేకుండా తీసేస్తే చేతిలో ఏమీ ఉండదు.

మూడో ఫ్లోర్ అక్క:
తమ్మీ, ఆ దరఖాస్తు నమూన నాకు గూడ పంపు. సేటూ, గల్లా కాడ మీరు నిలబడే ఉంటరా?

పాత బజారు సేటు:
ముచ్చట మార్చకుండ్రి. సెక్షన్ 20 ప్రైవేటుకు లేదన్న, ఇప్పటిదాక ఎవ్వలు కాదనలే.