పాముల కోసం ఇంట్లో ఎలుకలు పెంచడం సరైనదేనా?

ప్లేనో నివాసి: టెక్సాస్‌లోని ప్లేనోలో ఉంటాం. మా ఇంట్లో రెండు బాల్ పైథాన్‌లు (విషం లేని చిన్న కొండచిలువలు) ఉన్నాయి. వాటి మేతకు దుకాణంలో ఒక్కొక్కటిగా అమ్మే గడ్డకట్టించిన ఎలుకల ఖర్చు భారమవుతోంది. గ్యారేజీలో ఒక మగ, మూడు ఆడ ఎలుకలతో పెంపకం మొదలుపెడదామని ఉంది. నా భార్య ససేమిరా అంటోంది. బాబుకు మూడేళ్లు. అనుభవం ఉన్నవారు చెప్పండి.

పుట్టమన్ను: నిస్సంకోచంగా మొదలుపెట్టండి. నా దగ్గర ఇరవైకి పైగా పాములున్నాయి, వాటికి కావలసిన ఎలుకలన్నీ నేనే పెంచుకుంటాను. అవి ఏం తిన్నాయో, ఎలా బతికాయో నాకు తెలుసు. కొన్న సంచిలోని ఎలుక ఎంత ఇరుకులో పెరిగిందో మీకు ఎవరు చెబుతారు? మా ఎలుకలకు వెడల్పాటి తొట్టెలు, గూడు కట్టుకోవడానికి కాగితం, కొరకడానికి చెక్క ఉంటాయి.

పశువైద్య సహాయకురాలు: పుట్టమన్ను గారూ, ఇరవై పాముల లెక్క వేరు, రెండింటి లెక్క వేరు. ఎదిగిన బాల్ పైథాన్‌కు రెండు మూడు వారాలకు ఒక ఎలుక చాలు. రెండింటికీ కలిపి ఏడాదికి యాభై రెండు దాటవు. ఆడ ఎలుక 21–23 రోజులకే ఈనుతుంది. ఈతకు ఆరు నుంచి పన్నెండు పిల్లలు. మగది పక్కనే ఉంటే ఈనిన మర్నాటికే మళ్లీ చూలు. మూడు ఆడ ఎలుకలైతే నాలుగు నెలల్లో పిల్లలు వంద చేరువవుతాయి. ఐదో వారానికల్లా మగ పిల్లలను వేరు చేయకపోతే అవీ జతకడతాయి. మిగిలినవాటిని ఏం చేస్తారు?

ఫ్రీజర్‌లో పెట్టాలంటే ముందు చంపాలి. ప్రాణంతో ఫ్రీజర్‌లో పెట్టడం క్రూరత్వం. అమెరికా పశువైద్య సంఘం మార్గదర్శకాల ప్రకారం కార్బన్ డయాక్సైడ్‌ను సిలిండర్ నుంచి, రెగ్యులేటర్‌తో, కొలత ప్రకారం వదలాలి. డ్రై ఐస్ (ఘన కార్బన్ డయాక్సైడ్) పనికిరాదు. రోజుల పిల్లలైతే ప్రాణవాయువు తగ్గినా చాలాసేపు చావవు. ఇదంతా మీ చేతులతో చేయగలరా? ప్రాణంతో ఉన్న ఎలుకను పాము ముందు వదిలేస్తానంటే, ఆకలి లేని పామును ఎలుకే కొరికి గాయపరుస్తుంది.

కృష్ణాతీరం: మా పొలంలో జెర్రిపోతు ఎలుకను పట్టుకుంటే రైతుకు సంతోషం. అది ప్రకృతి. పామును పెట్టెలో ఉంచడం మాత్రం మన కోరిక. దానికోసం ఇంకో ప్రాణిని పుట్టించి చంపడం నాకు మింగుడు పడదు. భారతదేశంలో 1972 వన్యప్రాణి చట్టం ఈ నేల పాములను ఇంట్లో పెంచుకోనివ్వదు. నా దృష్టిలో అది మంచి చట్టం.

పుట్టమన్ను: కృష్ణాతీరం గారూ, సంచిలో కొన్న ఎలుకనూ చంపడానికే పుట్టించారు. మీ అభ్యంతరం పాముల పెంపకం మీదే కానీ ఎలుకల పెంపకం మీద కాదు. నా చేతితో పెంచి, నొప్పి తెలియకుండా నేనే చంపడంలో బాధ్యత ఎక్కువని నమ్ముతాను. సిలిండర్, రెగ్యులేటర్ నా దగ్గర ఉన్నాయి. రోజుల పిల్లలను అసలు ముట్టుకోను, ఎదగనిస్తాను. అయితే రెండు పాములకు ఇంత ఏర్పాటు దండగన్న మాట ఒప్పుకుంటున్నాను. ప్లేనోలో నలుగురైదుగురు పెంపకందారులు కలిస్తే ఒకరు పెంచి మిగతావారికి ఇవ్వవచ్చు.

పశువైద్య సహాయకురాలు: ఆ ఒకరు మూడేళ్ల బిడ్డ ఉన్న ఇల్లు కాకూడదు. విస్కాన్సిన్ రాష్ట్రంలో ఇంట్లో ఎలుకలు పెంచే వ్యక్తికి, ఎలుకల నుంచి మనుషులకు వచ్చే సియోల్ వైరస్ సోకిన సంగతి బయటపడ్డాక, 2017లో ఆ వ్యాప్తిలో మొత్తం 17 మందికి సోకినట్టు తేలింది. ఐదేళ్లలోపు పిల్లలున్న ఇళ్లలో పాములూ ఎలుకలూ వద్దని అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ చెబుతుంది. పాముల విషయంలో మీరు ఇప్పటికే ఆ హద్దు దాటారు, ఎలుకలనూ తేకండి. పైగా టెక్సాస్ ఎండాకాలంలో ఏసీ లేని గ్యారేజీలో ఎలుకలు వడదెబ్బకే చస్తాయి. గడ్డకట్టించినవి ఒకేసారి ఎక్కువ కొంటే ధర బాగా తగ్గుతుంది.

ప్లేనో నివాసి: పెంపకం ఆలోచన మానుకున్నాను. కొన్నవాటిని మా వంట ఫ్రీజర్‌లోనే పెట్టవచ్చా?

పశువైద్య సహాయకురాలు: వద్దండీ, వేరే చిన్న ఫ్రీజర్ కొనండి. గడ్డకట్టినంత మాత్రాన సాల్మొనెల్లా (విరేచనాలు కలిగించే బ్యాక్టీరియా) చావదు. కరిగించడానికి విడి గిన్నె వాడండి, చివర వేడినీళ్లలో ఉంచి వెచ్చబరచండి, మైక్రోవేవ్‌లో వద్దు. వంటింటి సింకు దగ్గరకు అసలు తీసుకురాకండి. బాబును ముట్టుకునే ముందు సబ్బుతో చేతులు కడుక్కోండి.