పదో తరగతి పుస్తకంలో కరెంటు బాణం తిప్పి గీయాలా, వద్దా?

మిర్యాలగూడ_ఐటీఐ:
సూటిగా అడుగుతున్నా. తీగలో కదిలేవి ఎలక్ట్రాన్లు, అవి పోయేది మైనస్ నుంచి ప్లస్‌కు. బొమ్మలో బాణం మాత్రం ప్లస్ నుంచి మైనస్‌కు! ఫ్రాంక్లిన్ ఎప్పుడో 1740లలో ఊహించి పెట్టిన గుర్తులవి, 1897లో థామ్సన్ ఎలక్ట్రాన్ సంగతి తేల్చాక కూడా వాటినే పట్టుకుని వేలాడటం ఎందుకు? పిల్లలకు అబద్ధం నేర్పుతున్నట్టే కదా.

పాలమూరు_ఫిజిక్స్‌సార్:
అబద్ధమేం కాదు తమ్మీ. ఒక చోటును సెకనుకు ఎంత విద్యుదావేశం (ఛార్జ్) దాటుతుందో అదే కరెంటు, సెకనుకు ఒక కూలుంబ్ దాటితే ఒక ఆంపియర్. ఆ ఆవేశాన్ని ఎలక్ట్రానే మోయాలని ఎక్కడుంది? ట్రాక్టర్ బ్యాటరీ తీసుకో. లోపలి యాసిడ్‌లో విడి ఎలక్ట్రాన్లు ఉండవు, హైడ్రోజన్ అయాన్లు (ఛార్జ్ ఉన్న కణాలు) ఒక ప్లేటు వైపు పోతుంటే సల్ఫేట్ అయాన్లు ఎదురు దిక్కుకు పోతాయి, ఒకటి ప్లస్ ఇంకోటి మైనస్ కాబట్టి రెండూ కలిసి ఒకే దిశ కరెంటుకు జమ అవుతాయి. నీ బాణం ఏ అయాన్ వెంట గీస్తావు?

దేవరకొండ_వైండింగ్:
మీ పంచాయితీ అంతా ఒకే దిశలో పోయే డీసీ కరెంటుదే సార్. మా షాపుకొచ్చే బోరు మోటార్లు నడిచేది ఏసీ మీద, అందులో దిశ సెకనుకు 50 సార్లు అటూ ఇటూ తిరిగొస్తుంది. అసలు ఎలక్ట్రాన్ ఎంత నిదానమో చూడండి: 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగలో 10 ఆంపియర్ల డీసీ పోతున్నా, అది సగటున జరిగేది సెకనుకు సుమారు 0.3 మిల్లీమీటర్లు, అంటే మీటరు దాటడానికి గంట దగ్గర పడుతుంది. ఏసీలోనైతే ఉన్నచోటే ఊగుతుంది, ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరి ఎలక్ట్రాన్ మోటారు దాకా వచ్చేదే లేదు. స్టార్టర్ నొక్కగానే మోటారు అందుకుంటుందంటే, తీగ పొడవునా ముందే ఉన్న ఎలక్ట్రాన్లను విద్యుత్ క్షేత్రం దాదాపు ఒకేసారి కదిలిస్తుంది కాబట్టి.

మిర్యాలగూడ_ఐటీఐ:
బ్యాటరీ మాట ఒప్పుకుంటా సార్. కానీ పదో తరగతిలో చూపించేది రాగి తీగ, బల్బే కదా!

పాలమూరు_ఫిజిక్స్‌సార్:
బాణం తిప్పితే, తీగ చుట్టూ అయస్కాంత క్షేత్రం ఏ దిక్కో చెప్పే కుడిచేతి బొటనవేలి నియమం ఎడమ చేతికి మారాలి, కరెంటును ఒకే దిక్కుకు పోనిచ్చే డయోడ్ గుర్తు తిప్పాలి, ఇంత చేసినా ఓం నియమం లెక్కలో ఒక్క జవాబూ మారదు. నేనైతే మొదటి క్లాసులోనే బోర్డు మీద రెండు బాణాలూ గీస్తా.

మిర్యాలగూడ_ఐటీఐ:
మీరు గీస్తారు సార్, అందరూ గీయరు. ఆ రెండో బాణం పుస్తకంలోనే అచ్చు వేయమనండి, ఇక నాకు పేచీ లేదు.