న్యూయార్క్‌లో అద్దె భారం: ప్రభుత్వ సాయంతో ఇల్లు దొరకాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న:

అందరికీ నమస్కారం. మేము క్వీన్స్‌లో ఉంటున్నాం. నేను కిరాణా దుకాణంలో పనిచేస్తాను, మావారు టాక్సీ నడుపుతారు. ఇద్దరు పిల్లలు, అత్తగారితో కలిపి ఐదుగురం. అందరికీ గ్రీన్ కార్డులున్నాయి. ఒక్క పడకగది ఇంటికి 2,300 డాలర్ల అద్దె కడుతున్నాం. కొత్త లీజుకు ఇంకో 250 పెంచుతామని చెప్పారు. తెలిసిన ఒకాయన 800 డాలర్లిస్తే సెక్షన్ 8 వోచర్ (అద్దెలో కొంత ప్రభుత్వం కట్టే సాయం) జాబితాలో మా పేరు ఎక్కిస్తానంటున్నాడు. మనవాడే కదా అని మావారు మొగ్గు చూపుతున్నారు. ఇవ్వవచ్చా?

మొదటి సమాధానం:

ఒక్క డాలరు కూడా ఇవ్వకండి, చెల్లెమ్మా. ఆ జాబితాలో పేరు ఎక్కించే శక్తి బయటివాళ్లెవరికీ లేదు. నగర గృహవసతి సంస్థ నైచా దాదాపు పదిహేనేళ్ల తర్వాత, 2024 జూన్‌లో ఒక్క వారం మాత్రమే వోచర్ దరఖాస్తులు తీసుకుంది. వచ్చినవాటిలోంచి లాటరీ తీసి 2 లక్షల కుటుంబాలను జాబితాలో చేర్చింది. దరఖాస్తుకు రుసుము లేదు. ఇలాగే ఒకరి చేతిలో డబ్బు పోసి రెండేళ్లు ఎదురుచూసిన కుటుంబాన్ని దగ్గరగా చూశాను, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

వోచర్ వస్తే మేలే. సర్దుబాట్లు పోగా మిగిలిన ఆదాయంలో సుమారు 30 శాతం మీరు కడితే మిగతాది ప్రభుత్వం కడుతుంది. వోచర్ ఉందన్న కారణంతో ఇల్లు ఇవ్వననడం ఈ నగరంలో 2008 నుంచే చట్టవిరుద్ధం. కానీ దాని కోసమే కూర్చోకండి.

మీకు దగ్గరి దారి హౌసింగ్ కనెక్ట్ లాటరీ. కొత్త భవనాల్లో తక్కువ అద్దెకు కేటాయించిన ఇళ్లను నగరం దీని ద్వారానే ఇస్తుంది. ఒక్కో భవనానికి ఒక్కో ప్రకటన ఉంటుంది. కుటుంబంలో ఎంతమంది, ఆదాయం ఎంత నుంచి ఎంత వరకు ఉండాలి అన్నది అందులోనే రాస్తారు. మనవాళ్లు ఎక్కువగా తప్పు చేసేది ఈ ఆదాయం దగ్గరే. మీ జీతం విషయంలో చేతికొచ్చే మొత్తం కాదు, పన్నులు కోయకముందు ఉన్న మొత్తం రాయాలి. మీవారిది సొంత పని కనుక పెట్రోలు, మరమ్మతులు వంటి ఖర్చులు పోగా మిగిలిన నికర ఆదాయం రాయాలి. ఈ రెండూ తారుమారైతే వంతు వచ్చాక కూడా తిరస్కరిస్తారు.

ముందు దరఖాస్తు చేసినవారికి ముందు వంతు అన్నది ఇందులో లేదు. గడువులోపు వచ్చినవన్నీ కలిపి లాటరీ తీస్తారు. ఒకే భవనానికి ఇంట్లో ఇద్దరూ విడివిడిగా దరఖాస్తు చేస్తే రెండూ పోతాయి. పిలుపు వచ్చాక కాగితాలకు కొద్ది రోజుల గడువే ఇస్తారు. పే స్టబ్బులు, పన్ను పత్రాలు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, పిల్లల జనన ధ్రువపత్రాలు ఇప్పటినుంచే ఒక ఫైల్లో పెట్టుకోండి. పన్నెండు నెలలు అద్దె సక్రమంగా కట్టిన రుజువు చూపితే క్రెడిట్ తనిఖీ బదులు దాన్నే తీసుకుంటారు, కాబట్టి అద్దె నగదుగా ఇవ్వడం మానేయండి.

నైచా సొంత భవనాల ఇళ్లకు కూడా ఒక దరఖాస్తు వేసి ఉంచండి. రెండేళ్లకోసారి దాన్ని పునరుద్ధరించాలి, మరచిపోతే వరుస పోతుంది.

రెండో సమాధానం:

అన్నయ్య చెప్పినవన్నీ నిజమే. కానీ అక్కా, కొత్త ఇల్లు వెతికేముందు ఉన్న ఇంటి సంగతి చూడండి. మీ భవనం ఎప్పుడు కట్టింది? ఎన్ని ఇళ్లున్నాయి? 1974కు ముందు కట్టిన, ఆరు లేదా అంతకన్నా ఎక్కువ ఇళ్లున్న భవనాల్లో చాలా ఇళ్లు అద్దె నియంత్రణ (రెంట్ స్టెబిలైజేషన్) కింద ఉంటాయి. మీదీ అలాంటిదే అయితే యజమాని నోటికొచ్చినంత పెంచడం కుదరదు. 2025 అక్టోబరు నుంచి 2026 సెప్టెంబరు మధ్య మొదలయ్యే ఏడాది లీజుకు అనుమతించిన పెంపు 3 శాతమే. మీ 2,300కి అది 69 డాలర్లు! 250 ఎక్కడ, 69 ఎక్కడ?

ఎప్పుడో నియంత్రణ నుంచి బయటికి వెళ్లిన ఇళ్లు కూడా ఉన్నాయి కనుక ఊహించుకోకండి. రాష్ట్ర గృహవసతి శాఖను మీ ఇంటి అద్దె చరిత్ర అడగండి, ఉచితంగా పంపుతారు. మా పెద్దమ్మకు 71 ఏళ్లు, ఒంటరిగా ఉంటుంది. అద్దె చరిత్ర తెప్పించాకే తన ఇల్లు నియంత్రణలో ఉందని తెలిసింది. 62 ఏళ్లు నిండినవారి అద్దె పెరగకుండా ఆపే స్క్రీ పథకానికి దరఖాస్తు చేశాం. లీజు తన పేరిటే ఉండటం, ఆదాయం ఏడాదికి 50,000 డాలర్లు దాటకపోవడం, అందులో మూడోవంతుకు పైగా అద్దెకే పోవడం వల్ల మంజూరైంది. మీ ఇంట్లో అందరి ఆదాయం కలుపుతారు కనుక అత్తగారికి వర్తించడం కష్టం.

ప్రశ్న అడిగినవారు:

ఇద్దరికీ చేతులెత్తి నమస్కారం. ఆయనకు డబ్బు ఇవ్వడం లేదని చెప్పేశాం. మా భవనం 1931లో కట్టింది, 24 ఇళ్లున్నాయి! అద్దె చరిత్రకు ఈ రోజే అడిగాను. అది వచ్చేదాకా కొత్త లీజు మీద సంతకం పెట్టాలా?

రెండో సమాధానం ఇచ్చినవారు:

తొందరపడకండి అక్కా. నియంత్రణలో ఉన్న ఇల్లయితే పాత లీజు ముగియడానికి 90 నుంచి 150 రోజుల ముందు యజమాని పునరుద్ధరణ పత్రం పంపాలి, జవాబివ్వడానికి మీకు 60 రోజులుంటాయి. పత్రం అందిన తేదీని దానిమీదే రాసి ఫొటో తీసి పెట్టుకోండి. చరిత్ర రాగానే ఇక్కడ చెప్పండి, కలిసి చూద్దాం.