మధ్యాహ్నం కోళ్లు నోరు తెరిచి రొప్పుతున్నాయి, తోలుగుడ్లు పెడుతున్నాయి: గూడులో, నీళ్లలో ఏం మార్చాలి?

పల్నాడు పెరడు:
నరసరావుపేట దగ్గర పల్లె. పెరట్లో 18 కోళ్లు: 10 వనరాజా, 5 గ్రామప్రియ, 3 నాటువి. గూడు 6 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు. మూడు వైపులా ఇటుక గోడ, ముందు చెక్క తలుపు, పైన జింకు రేకు. పగలు బయటే తిరుగుతాయి, ఒక వేపచెట్టు ఉంది. నీళ్లు మేడ మీద ట్యాంకు నుంచి నల్ల పైపులో వచ్చి ఒకే తొట్టిలో పడతాయి. మేత పొద్దున 8కి, మధ్యాహ్నం 1కి.

పన్నెండు దాటితే రెక్కలు విప్పుకుని రొప్పుతున్నాయి. గుడ్లు సగానికి తగ్గాయి, వచ్చేవాటిలో కొన్ని పెంకు గట్టిపడని తోలుగుడ్లు. గోనెపట్టాలు తడిపి కట్టమని కొందరు, తడి తగిలితే జబ్బులొస్తాయని కొందరు అంటున్నారు. ఒక పెట్ట పొదుగుకు కూడా కూర్చుంది. ముందు ఏది సరిచేయాలి?

కరీంనగర్ కోళ్లగూడు:
అన్నా, ముందుగాల ఆ ఒంటిగంట మేత బంద్ చెయ్యాలె. తిన్నది అరిగేటప్పుడు ఒంట్లో వేడి పుడతది. ఒంటిగంటకు తింటే ఆ వేడి సరిగ్గ ఎండ ముదిరినప్పుడే తగులుతది. పొద్దుగాల 5 గంటలకు ఒకసారి, సాయంత్రం 6 దాటినంక ఒకసారి పెట్టు. 10 నుంచి 5 దాకా నీళ్లు తప్ప ఏం వద్దు.

రెండోది నీళ్లు. పెద్ద కోడి మామూలు రోజుల్ల పావు లీటరు దాకా తాగుతది, 40 డిగ్రీలు దాటితే దానికి రెండింతలు. నీ 18 కోళ్లకు రోజుకు 9 లీటర్లు అనుకో, 12 లీటర్లు తయారు పెట్టు. కానీ నీ దగ్గర అసలు తప్పు నీళ్లు తక్కువై కాదు, నీళ్లు కాగుతున్నయి. మేడ మీది ట్యాంకు, ఎండల నల్ల పైపు: రెండు గంటలకు ఆ నీళ్లల్ల చెయ్యి పెట్టి చూడు. కోడి ఒళ్లే 41 డిగ్రీలు ఉంటది, అంతకన్న వేడి నీళ్లు ముట్టదు. తొట్టి నిండుగనే ఉంటది, కోడి మాత్రం ఎండిపోతది.

పైపు పక్కకు పెట్టు. రాత్రే కుండలల్ల నీళ్లు పట్టిపెట్టి, వెడల్పు మట్టి మూకుళ్లల్ల పొయ్యి. పెరట్ల మూడు నాలుగు నీడ జాగాలల్ల ఒక్కొక్కటి పెట్టు. ఎండల పది అడుగులు నడిచి నీళ్లకాడికి పోవు అవి. ఒకటే తొట్టి ఉంటే పెద్ద పెట్ట కాపలా కాసి చిన్నవాటిని రానియ్యదు. 11కు, 1కి, 3కు పాత నీళ్లు పారబోసి కొత్తవి పొయ్యాలె. పిల్లలుంటే మూకుట్ల గులకరాళ్లు వెయ్యి, మునిగి చావవు.

గోనెపట్టాల సంగతి: మన దిక్కు గాలి పొడిగ ఉంటది కాబట్టి మంచిగ పనిచేస్తయి. గాలి వచ్చే దిక్కు కట్టి గంటకోసారి తడుపు, కింద నేల మాత్రం తడవద్దు.

కాకినాడ తీరం:
పల్నాడులో ఆ మాట నిజమే. మా సముద్ర తీరం వాళ్లు చదివి అదే చేస్తే మాత్రం కోళ్లు చస్తాయి, అందుకే రాస్తున్నాను. కోడికి చెమట గ్రంథులు లేవు. రొప్పి, గొంతులోని తడి ఆవిరైతేనే దాని ఒళ్లు చల్లబడుతుంది. సముద్రపు గాలిలో ఉక్క ఎక్కువ, ఆ తడి ఆవిరవదు. దానికి తోడు మనం తడిపట్టాలు కట్టి గాలి ఆపేస్తే ఉన్న దారి కూడా మూసేసినట్టే. ఇక్కడ చేయాల్సింది రెండు వైపులా తెరిచి, కోడి ఎత్తులో ఫ్యాన్ పెట్టడం.

పల్నాడు వాళ్లకు దీనికి ఎదురు జాగ్రత్త ఉంది. గాలే 42 డిగ్రీలున్నప్పుడు పొడి ఫ్యాన్ కోడిని చల్లార్చదు, ఇంకా కాలుస్తుంది. అలాంటి వేళ గాలి తడిపట్టా మీదుగా రావాలి.

ఇక గూడు. జింకు రేకు కింద, మూడు వైపులా ఇటుక, ముందు చెక్క తలుపు! అది గూడు కాదండీ, పొయ్యి. ఇటుక పగలంతా పట్టిన వేడిని రాత్రి వదులుతుంది. మధ్యాహ్నం పోరాడి బతికిన కోడి రాత్రి గూట్లో చచ్చేది అందుకే. చెక్క తలుపు తీసి, అరంగుళం కన్నాల వెల్డెడ్ మెష్ బిగించండి. పిల్లి, ముంగిస రావు, గాలి ఆడుతుంది. వెనక గోడలో పై రెండు వరసల ఇటుకలు తీసి అక్కడా మెష్ వేయండి, లేకపోతే వేడిగాలి పోవడానికి తోవ ఉండదు. రేకు మీద చిక్కటి సున్నం రెండు పూతలు, కాస్త ఫెవికాల్ కలిపితే రాలదు. దానిపైన కర్రలు అడ్డం పెట్టి, నాలుగు వేళ్ల సందు వదిలి తాటాకు కప్పండి. సందు లేకుండా రేకుకు అంటించి వేస్తే సగం ఫలితమే.

24 చదరపు అడుగుల్లో 18 కోళ్లు ఎండాకాలానికి ఇరుకే. ఆరింటిని రాత్రి వేరే చోట మెష్ కింద పెట్టండి. కింద ఊక రెండు అంగుళాలు మించకూడదు.

పశువైద్య సహాయకుడు:
తోలుగుడ్ల కారణం రొప్పులోనే ఉంది. ఎక్కువగా రొప్పితే రక్తంలోని కార్బన్ డయాక్సైడ్ బయటికి పోతుంది. దాంతో పెంకు కట్టడానికి కావాల్సిన బైకార్బొనేట్, కాల్షియం రెండూ తక్కువవుతాయి. మేత తగ్గడం దానికి తోడు. ఆ బైకార్బొనేట్ కోసం కిలో మేతకు 2 గ్రాముల వంటసోడా కలపండి. చాకలి సోడా కాదు, పొరపాటు పడితే ప్రాణం మీదికి వస్తుంది. పెంకు ఎక్కువగా రాత్రిపూటే కడుతుంది, కాబట్టి ఆల్చిప్పల పొడి సాయంత్రం విడిగా ఒక గిన్నెలో పెట్టండి. కావాల్సినంత అవే తింటాయి.

కోళ్ల ఎలక్ట్రోలైట్ (లవణాల) పొడి దొరికితే పొట్లం మీద రాసిన కొలతే. దొరకకపోతే మనుషుల ఓఆర్‌ఎస్ లీటరు పొట్లాన్ని 2 లీటర్లలో కలిపి, 10 నుంచి 4 వరకు మాత్రమే ఇవ్వండి. పక్కన మామూలు నీళ్లు తప్పకుండా ఉండాలి. మిగిలినవి సాయంత్రం పారబోయండి. చేత్తో ఉప్పు వేయొద్దు, ఎక్కువైతే రెట్ట నీళ్లగా పోయి పిల్లలు ముందు చస్తాయి.

నెత్తి మీది ఎర్ర జుట్టు నల్లబడి, మెడ వాల్చి పడిపోయిన కోడిని నీడలోకి తెచ్చి, మామూలు చల్లని నీళ్లలో మెడ వరకు ముంచి రెండు మూడు నిమిషాలు ఉంచండి. తల మునగకూడదు, ఐస్ నీళ్లు వద్దు. నోట్లో నీళ్లు పోయొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. తేరుకున్నాక ముక్కు తడిపితే అదే తాగుతుంది. కొక్కెర తెగులు టీకా, చోటు మార్చడం లాంటివి తెల్లవారుజామునే.

పల్నాడు పెరడు:
ఒంటిగంట మేత ఇవాళే ఆపేశాను. మెష్, తాటాకు రేపు. పొదుగు పెట్ట సంగతి ఎవరూ చెప్పలేదు, లేపేయాలా?

కరీంనగర్ కోళ్లగూడు:
దాని కింద పొదగడానికి గుడ్లు పెట్టి వారం దాటలేదంటే లేపెయ్యి అన్నా. ఈ ఎండకు గుడ్డు లోపలే పాడైతది, పెట్ట కూడా నీళ్లకు లెవ్వక నీరసపడతది. దాటితే గంపను ఇంట్ల సల్లటి మూలకు మార్చు. దాని ముక్కుకు అందేంత దగ్గరల నీళ్ల మూకుడు పెట్టి, రోజుకు రెండుసార్లు నువ్వే చేత్తో లేపి మేత తినిపియ్యి. రోహిణి కార్తె పొయ్యేదాకా కొత్తగ దేన్నీ పొదుగెయ్యకు.