శవాసనం అనగానే నాన్న లేచి వెళ్ళిపోయారు: మాజీ సైనికులకు ధ్యానం నిజంగా పనికొస్తుందా?

గిద్దలూరు అమ్మాయి (ప్రశ్న):

అందరికీ నమస్కారం. మాది గిద్దలూరు దగ్గర పల్లె. మా నాన్న సైన్యంలో 24 ఏళ్ళు పనిచేసి 2009లో హవల్దారుగా రిటైరయ్యారు. ఆర్టిలరీలో చేసేవారు. 1999లో కార్గిల్ యుద్ధమప్పుడు ద్రాస్‌లో బోఫోర్స్ ఫిరంగి దగ్గర ఉన్నారు. ఆ రోజుల గురించి ఇంట్లో ఆయన చెప్పినవి రెండే ముక్కలు. ఒక్కో గుండు నలభై కిలోల పైనే ఉంటుందని, వెన్నెల రాత్రుల్లో ఆ కొండలు చాలా అందంగా ఉండేవని.

రిటైరయ్యాక అంతా బాగానే ఉందనుకున్నాం. రాత్రి మూడింటికి లేచి గేటు, పశువుల కొట్టం, మోటారు గది చూసి రావడం, పెళ్ళికి వెళ్తే గోడకు ఆనుకుని ఉన్న కుర్చీ కోసం వెతుక్కోవడం, దీపావళికి ముందురోజే చేనికి వెళ్ళిపోవడం, కాంటీన్ కోటా రమ్ము నెల తిరక్కుండానే అయిపోవడం, అన్నీ మిలిటరీ అలవాట్లే అనుకున్నాం.

పోయిన వేసవిలో మా పక్క చేలో బోరు వేశారు. బోరు బండి రెండు రాత్రులు ఆగకుండా తిరిగింది. రెండో రాత్రి నాన్న మంచం మీద లేరు. అమ్మ టార్చి పట్టుకుని వెతికితే మోటారు గదిలో స్టార్టర్ పెట్టె కింద, చెవులు రెండూ మూసుకుని గొంతుక్కూర్చుని కనిపించారు. బనియను పిండితే నీళ్ళు కారేలా ఉంది. అమ్మను చూసి హిందీలో ఏదో గట్టిగా అడిగారట. అమ్మకు హిందీ రాదు.

డాక్టరుకు చూపించాం. పీటీఎస్‌డీ అన్నారు, అంటే భయంకరమైనవి చూసినవారి మనసులో మిగిలిపోయే గాయం. మాత్రలు రాశారు, మెడిటేషన్ కూడా చేయించమన్నారు. టౌన్లో ఒక ధ్యానం క్లాసుకు తీసుకెళ్ళాను. హాలు నిండా ముప్ఫై మంది. లైట్లు ఆపేశారు. "వెల్లకిలా పడుకోండి, కళ్ళు మూసుకోండి, ఇది శవాసనం, శవంలా కదలకుండా ఉండండి" అన్నారు. నాన్న లేచి బయటికి నడిచారు. చెప్పులు అక్కడే వదిలేశారు. వెతుక్కుంటూ వెళ్తే బస్టాండులో సోడా బండి పక్కన నిలబడి ఉన్నారు. "శవం ఎలా ఉంటుందో నాకు వీళ్ళు నేర్పాలా?" అన్నారు. ఆ తర్వాత నేను ఫోన్లో ధ్యానం ఆడియో పెట్టి ఇంట్లో ప్రయత్నించాను. కళ్ళు మూసుకుంటే చెవుల్లో రొద ఎక్కువవుతోందని రెండు నిమిషాలకే లేచిపోయారు.

ఇలాంటివారికి ధ్యానం పనిచేస్తుందా? లేక నేనే ఇంకా చెడగొడుతున్నానా? అనుభవం ఉన్నవారు ఎవరైనా చెప్పగలరు.

బెజవాడ పెద్దాయన:

అమ్మా, మొదట్లో అందరికీ ఇబ్బందిగానే ఉంటుంది. వదలకూడదు. శ్వాస మీద ధ్యాస పెడితే మిగతావన్నీ అవే సర్దుకుంటాయి. హైదరాబాదు దగ్గర నాగార్జునసాగర్ రోడ్డులో ధమ్మఖేత్త అనే ధ్యాన కేంద్రం ఉంది. పది రోజులు మౌనంగా విపశ్యన చేయిస్తారు, రుసుము లేదు. నాకు బీపీ తగ్గింది. నాన్నగారిని ఎలాగోలా నచ్చజెప్పి పంపండి.

ఉద్దానం సుబేదార్:

తల్లీ, పై పెద్దాయన మంచి మనసుతోనే చెప్పారు. కానీ మీ నాన్నగారిది బీపీ కాదు. దయచేసి ఇప్పుడు పది రోజుల మౌనానికి పంపకండి.

నాది పలాస దగ్గర. ఇన్‌ఫాంట్రీలో 28 ఏళ్ళు చేశాను, అందులో రెండు విడతలు కశ్మీరులో ఉగ్రవాదులతో పోరాడే రాష్ట్రీయ రైఫిల్స్‌తో కుప్వారాలో. అక్కడ ఏం జరిగిందో ఇక్కడ రాయను. మీ నాన్నగారు చెప్పులు వదిలేసి వెళ్ళారని చదివి చాలాసేపు ఫోను పక్కన పెట్టేశాను. నేను చెప్పులు కూడా కాదు, ఒకసారి మా మేనకోడలి పెళ్ళిలో మా ఆవిడనే వదిలేసి వచ్చేశాను. బాజాల వాళ్ళు డప్పు మొదలుపెట్టారు, అంతే. ఇరవై ఏళ్ళయినా ఆవిడ దెప్పుతూనే ఉంది.

నాకు ధ్యానం మొదట నేర్పబోయినవారు కూడా శ్వాసతోనే మొదలుపెట్టారు. అది మాబోటివాళ్ళకు ఎందుకు పడదో చెబుతాను, బయటివారికి తెలియదు. ఫైరింగ్ రేంజ్‌లో రిక్రూటుకు నేర్పేది కూడా శ్వాసే. ఊపిరి పీల్చు, సగం వదులు, బిగపట్టు, అప్పుడు ట్రిగ్గర్ మీద మెల్లగా వేలు బిగించు. కొన్ని వేలసార్లు చేసిన పని. "మీ శ్వాసను గమనించండి" అని ఎవరో మెత్తగా అనగానే నా కుడిచేతి చూపుడు వేలు దానంతటదే వంగేది. ప్రశాంతత ఎక్కడి నుంచి వస్తుంది?

కళ్ళు మూసుకోవడం సంగతీ అంతే. సంత్రీగా కాపలా డ్యూటీలో కళ్ళు మూస్తే ఏమవుతుందో ఏళ్ళ తరబడి ఒంటికి నేర్పాం. ఇప్పుడు పది నిమిషాల్లో మరిచిపోమంటే ఒళ్ళు వింటుందా?

నాకు దారి చూపింది ఆర్మీ ఆసుపత్రిలో ఒక నర్సింగ్ ఆఫీసరమ్మ. మలయాళీ. ఆవిడ ధ్యానం అనే మాటే వాడలేదు. "సాబ్, ఇక్కడ కూర్చోండి, వీపు గోడకు ఆనించండి, తలుపు కనిపించేలా కుర్చీ జరుపుకోండి" అన్నారు. నాకు అప్పుడే సగం భారం దిగింది. అప్పటిదాకా నా వీపు సంగతి ఎవరూ పట్టించుకోలేదు మరి. తర్వాత "కళ్ళు తెరిచే ఉంచండి. పాదాల కింద గచ్చు చల్లగా ఉందా, వెచ్చగా ఉందా?" అని అడిగారు. చల్లగా ఉందన్నాను. ఎడమ పాదం కింద ఎక్కువా, కుడి పాదం కింద ఎక్కువా? చూసి చెప్పాలి. అంతే ఆ రోజు పాఠం. మూడు నిమిషాలు కూడా పట్టలేదు. ఎప్పుడైనా లేచిపోవచ్చని, కారణం చెప్పనక్కర్లేదని మొదటే చెప్పారు. లేచిపోయే వీలుందని తెలిశాక కూర్చోగలిగాను.

ఇప్పుడు నేను చేసేది ఇది. పొద్దున్నే కొబ్బరి తోటలో గట్టు మీద చెప్పులు లేకుండా నడుస్తాను. మడమ, అరికాలు, వేళ్ళు, ఒక్కోటి నేలకు తగలడం తెలియాలి. మనసు కుప్వారా వెళ్తుంది, తప్పకుండా వెళ్తుంది. వెళ్ళినట్టు తెలియగానే మళ్ళీ మడమ దగ్గరికి తెచ్చుకుంటాను. నలభై చెట్లు అటు, నలభై చెట్లు ఇటు. మా మనవడు దాన్ని తాతయ్య పెట్రోలింగ్ అంటాడు. వాడు అన్నదాంట్లో తప్పేమీ లేదు, శత్రువు లేడు అంతే తేడా.

ఫలితం ఏమిటంటారా? కుక్కరు కూత వేస్తే నేను ఇప్పటికీ ఉలిక్కిపడతాను. అది పోలేదు, పోతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. కానీ ఇదివరకు మొదటి కూతకు ఉలిక్కిపడితే ఆ మధ్యాహ్నమంతా పాడయ్యేది, అన్నం సహించేది కాదు, ఎవరు పలకరించినా కసిరేవాణ్ణి. ఇప్పుడు మూడో కూతకల్లా నేను వంటింటి పక్కన ఉన్నానని, ఉడుకుతున్నది పప్పు అని తెలుస్తుంది. మా ఆవిడ లెక్కపెడుతుంది కూడా. "ఇవాళ రెండు కూతలకే వచ్చేశారు" అంటుంది.

ఇది అన్నిటికీ మందు అని మాత్రం అనను. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను మా మీదే తీరం దాటింది. ఆ రాత్రి కొబ్బరి చెట్లు విరిగి పడుతున్న చప్పుడు విన్నవారికే తెలుస్తుంది. పాదాలు లేవు, గచ్చు లేదు, నేను నేరుగా కుప్వారాలో ఉన్నాను. తెల్లారాక చూస్తే తోటలో సగం చెట్లు లేవు. నేను మాత్రం మంచం కింద ఉన్నాను. ఆ తర్వాతే బుద్ధిగా చికిత్సకు వెళ్ళాను. అక్కడ వారం వారం జరిగిందంతా డాక్టరమ్మకు నోటితో చెప్పాలి. అదే కథ, మళ్ళీ మళ్ళీ, వివరంగా. ఆ గదిలో కూర్చుని చెప్పగలగడానికి పాదాల పాఠం పనికొచ్చింది. చెబుతుండగా గొంతు బిగుసుకుపోతే, కాళ్ళు నేలకు నొక్కి, ఇది విశాఖపట్నం, ఇది ఫలానా సంవత్సరం అనుకుని మళ్ళీ మొదలుపెట్టేవాణ్ణి. రెండూ చేశాను కాబట్టి చెబుతున్నాను, నన్ను బాగుచేసింది ఆ చెప్పడమే.

మీ నాన్నగారి దగ్గర ధ్యానం అన్న మాట ఎత్తకండి. చేతికి ఏదైనా పని దొరికే చోట, నీళ్ళో పశువో ఉన్నచోట మొదలుపెట్టించండి. ఆయనకు ఏది ఇష్టం?

మానసిక చికిత్స విద్యార్థి:

నేను క్లినికల్ సైకాలజీ శిక్షణలో ఉన్నాను. సుబేదార్ గారు చెప్పినదాంట్లో చాలావరకు మా పాఠాల్లో ఉన్నదే, కాకపోతే ఆయన చెప్పినంత బాగా మా పాఠాల్లో లేదు.

మైండ్‌ఫుల్‌నెస్ పేరుతో (ఈ క్షణంలో జరుగుతున్నదాని మీదే ధ్యాస పెట్టడం) ఇప్పుడు నేర్పే ఎనిమిది వారాల కోర్సుకు మూలం 1979లో అమెరికాలో మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ వైద్యశాలలో జాన్ కబాట్-జిన్ మొదలుపెట్టిన తరగతులు. అవి ముఖ్యంగా దీర్ఘకాలపు నొప్పులు, ఒత్తిడి ఉన్నవారి కోసం పెట్టినవి. యుద్ధం చూసినవారికి పనిచేస్తుందా అని తర్వాత పరీక్షించారు. మినియాపోలిస్‌లోని మాజీ సైనికుల ఆసుపత్రిలో 116 మందితో చేసిన అధ్యయనం 2015లో వెలువడింది. సగం మందికి ఈ కోర్సు, సగం మందికి మామూలు బృంద చికిత్స. కోర్సు ముగిసిన రెండు నెలలకు చెప్పుకోదగిన మెరుగుదల మొదటివారిలో 49 శాతం మందికి, రెండోవారిలో 28 శాతం మందికి కనిపించింది. వినడానికి బాగుంది కదా. కానీ జబ్బు పూర్తిగా పోయినవారి సంఖ్యలో రెండు బృందాల మధ్య చెప్పుకోదగిన తేడా లేదు. అమెరికా మాజీ సైనికుల శాఖ, రక్షణ శాఖ కలిసి 2023లో ఇచ్చిన మార్గదర్శకాల్లో కూడా జరిగినదాన్ని ఎదుర్కొనే మాట చికిత్సలకే ముందు స్థానం. మైండ్‌ఫుల్‌నెస్‌ను చేయవచ్చు అనే స్థాయిలో సూచించారు.

చెవుల్లో రొద గురించి ఎవరూ అనలేదు. ఫిరంగుల దగ్గర పనిచేసినవారిలో ఇది చాలా మామూలు. నిశ్శబ్దంలో కూర్చోబెడితే ఆ రొదే పెద్దదై వినిపిస్తుంది. అంటే నిశ్శబ్దమైన గది ఆయనకు సరైన చోటు కాదు. ఫ్యాను తిరుగుతున్న చోట, కాలువ పక్కన కూర్చోమనండి. ఒకసారి చెవి డాక్టరుకు కూడా చూపించండి.

విపశ్యన శిబిరాల దరఖాస్తులోనే మానసిక అనారోగ్యం గురించి అడుగుతారు. అడిగేది కారణం ఉండే. అక్కడ దాచి పంపించడం మంచిది కాదు. చేస్తున్నప్పుడు చెమటలు పట్టినా, చూపు శూన్యంగా మారి పిలిస్తే పలక్కపోయినా వెంటనే ఆపించి, లేపి నడిపించండి. మాత్రలు మీ అంతట మీరు మాన్పించవద్దు. రమ్ము కూడా ఒక్కసారిగా ఆపించకండి, రోజూ తాగేవారికి అది ప్రమాదం, డాక్టరుకు చెప్పే తగ్గించాలి.

ఈసీహెచ్‌ఎస్ (మాజీ సైనికుల వైద్య పథకం) కార్డు ఉంటే దాని పాలీక్లినిక్ నుంచి మానసిక వైద్యుడి దగ్గరికి రాయించుకోవచ్చు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోను సేవ టెలీ మానస్ నంబరు 14416, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. ముందు మీరే ఫోను చేసి అడగవచ్చు, ఆయనే చేయాలని లేదు.

బెజవాడ పెద్దాయన:

సుబేదార్ గారూ, నాకు ఇవేవీ తెలియవు. శిబిరం మాట వెనక్కి తీసుకుంటున్నాను. అమ్మా, ఏమనుకోకండి.

గిద్దలూరు అమ్మాయి:

ఏమీ అనుకోలేదండీ. ఐదు వారాలు ఆగి రాస్తున్నాను, చెప్పడానికి ఏదైనా ఉంటేనే రాద్దామని.

ఆయనకు ఏది ఇష్టం అని సుబేదార్ గారు అడిగినప్పుడు నా దగ్గర జవాబు లేదు. అమ్మను అడిగాను. "తొట్టి నిండుతుంటే చూడటం ఇష్టం" అంది. నాకు తెలియనే తెలియదు. మోటారు వేశాక గొట్టంలోంచి నీళ్ళు తొట్టిలో పడే చోట ఒక పాత కుర్చీ వేయించాం, వీపు గోడకు ఉండేలా, దారి కనిపించేలా. ఎవరూ ఏమీ చెప్పలేదు. రెండో రోజు నుంచి తనే వెళ్ళి కూర్చుంటున్నారు. నీళ్ళ చప్పుడులో చెవి రొద తెలియడం లేదట. నాలుగో వారం నేను పక్కన కూర్చుని, నీళ్ళు చేతికి చల్లగా ఉన్నాయా అని అడిగాను. చెయ్యి పెట్టి చూసి, "పైన వెచ్చగా, లోపల చల్లగా" అన్నారు. కాసేపాగి మళ్ళీ పెట్టి చూశారు.

మూడింటికి లేవడం ఆగలేదు. అందులో తేడా ఏమీ లేదు. 14416కు నేను మాట్లాడుతుంటే గుమ్మం దగ్గర నిలబడి విన్నారు, ఫోను ఇస్తే మాత్రం తీసుకోలేదు. వచ్చే మంగళవారం ఒంగోలులో మానసిక వైద్యుడి దగ్గరికి వస్తానన్నారు, అమ్మ కూడా రావాలని షరతు.

సుబేదార్ గారి జవాబు నిన్న చదివి వినిపించాను. రేంజ్‌లో శ్వాస సంగతి దగ్గర తల ఊపారు. కుక్కరు దగ్గర నవ్వారు. తుపాను దగ్గర లేచి వెళ్ళి గేటు చూసి వచ్చారు. వచ్చి కూర్చుని అడిగారు, "ఆయనది ఏ యూనిట్ అట?"