జన్స్‌కార్‌ రాఫ్టింగ్‌కి ముందు నాగావళిలో ప్రాక్టీస్ చేయొచ్చా?

గెడ్డగట్టు: కాలేజీ స్నేహితులం నలుగురం ఆగస్టులో లడఖ్ వెళ్లి, జన్స్‌కార్ నది మీద పదుం నుంచి నిమ్ము దాకా రాఫ్టింగ్ చేద్దామనుకుంటున్నాం. రాత్రిళ్లు ఒడ్డునే టెంట్లు. ముందు ఇక్కడే చేయి తిప్పుకుందామని ఆలోచన. రాయగడలో దిగి తోటపల్లి దాకా తెడ్డు వేసుకుంటూ వచ్చేయొచ్చని మా బావ అంటున్నాడు. నిజమేనా?

పాలకొండ పిల్ల: మీ బావగారిని ముందు రాయగడ పక్కన హాతిపథర్ చూసి రమ్మనండి. నాగావళి అక్కడ రాళ్ల మీంచి దూకుతుంది. పైగా వానాకాలంలో మన దగ్గర ఎండ కాస్తున్నా ఒడిశాలో వాన పడితే చాలు, ఏరు పొంగిపోతుంది.

ఆమదాలవలస అన్న: రాళ్ల కంటే ఆనకట్టలకు భయపడాలి తమ్ముడూ. నారాయణపురం లాంటి చోట పైనుంచి చూస్తే నున్నగా జారుతున్నట్టుంటుంది. కింద పడ్డ నీరు వెనక్కి తిరిగి గోడవైపే లాగుతుంది. అందులో పడితే లైఫ్ జాకెట్ ఉన్నా బయటపడడం కష్టం. బ్యారేజీ కనపడకముందే ఒడ్డెక్కాలి. ఇందులో వాదన లేదు.

గెడ్డగట్టు: మరి వంశధార?

ఆమదాలవలస అన్న: వరద తగ్గాక శాలిహుండం వైపు నీరు నెమ్మదిస్తుంది. తెడ్డు పట్టడం, పడవ తిరగబడితే మళ్లీ ఎక్కడం నేర్చుకోవచ్చు. ఇసుక తీసిన గోతులు పైకి కనపడవు, జాకెట్ లేకుండా దిగొద్దు. కళింగపట్నం మొగ దగ్గరకు, అంటే ఏరు సముద్రంలో కలిసే చోటికి, అసలు పోవద్దు. అక్కడి జాలర్లే ఆచితూచి వెళ్తారు.

లేహ్ వెళ్లొచ్చిన బొబ్బిలి: నేను జన్స్‌కార్ చేశాను. అక్కడి సమస్య వేరు. అది మంచు కరిగిన నీరు, పడితే ముందు ఊపిరి ఆడదు. అందుకే ఒంటికి వెచ్చదనం నిలిపే రబ్బరు వెట్‌సూట్. రాపిడ్స్, అంటే రాళ్ల మధ్య నురగలతో ఉరికే చోట్లు, ఆరు గ్రేడుల్లో ఎక్కువగా మూడోది, కొన్ని నాలుగు. పడవలోంచి పడితే వెల్లకిలా తేలి, కాళ్లు నీరు పోయే దిక్కుకి పెట్టాలి. లోతు తక్కువని లేచి నిలబడ్డారా, రాళ్ల మధ్య పాదం ఇరుక్కుంటుంది, నీరు మనిషిని ముంచేస్తుంది. గైడు ఈ మాట చెప్పి చెప్పి విసిగిస్తాడు, విసుక్కోకండి. లేహ్ 3,500 మీటర్ల ఎత్తు. దిగగానే నదికి పోకుండా రెండు రోజులైనా ఆగండి. లోయలో సిగ్నల్ మీద ఆశ పెట్టుకోకండి, ఇంట్లో ముందే చెప్పేయండి. లేకపోతే అమ్మకి టెన్షన్.

పాలకొండ పిల్ల: 2024లో నిమ్ము–పదుం–దార్చా రోడ్డు కలిపేశారుగా? ఇంకా అడవిలో తప్పిపోయినట్టు ఉంటుందా?

లేహ్ వెళ్లొచ్చిన బొబ్బిలి: మునుపటంత ఏకాంతం లేదు. నాకది నచ్చలేదు గానీ, ఎవరికైనా దెబ్బ తగిలితే ఆ రోడ్డే దిక్కు. అసలు గొడవ నీళ్లలో కాదు, సాయంత్రం టెంట్ల దగ్గర మొదలవుతుంది. తడి బట్టలు, ఆకలి, అంట్లు ఎవరు తోమాలి! వంతులు బయల్దేరే ముందే తేల్చుకోండి. ఆవకాయ సీసా వద్దు, ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి నీళ్లు చొరబడని డ్రై బ్యాగులో వేయండి. చెత్త మొత్తం వెనక్కి మోసుకు రావాలి.

ఆమదాలవలస అన్న: రాపిడ్స్ ముందే రుచి చూడాలంటే మహారాష్ట్రలో కోలాడ్ మేలు. కుండలిక నదిలోకి కరెంటు ఉత్పత్తి తర్వాత పొద్దున్నే నీళ్లు వదులుతారు, కాబట్టి వానలు పోయాక కూడా నడుస్తుంది.

గెడ్డగట్టు: అయితే శాలిహుండం, తర్వాత కోలాడ్. బావకి హాతిపథర్ ఫొటో పంపించాను, ఇంకా జవాబు లేదు.